కళ్లం మీద టెన్నిస్

1954 జనవరి మొదటివారంలో నన్ను సూపర్వైజరుగా కర్నూలుకు వేశారు. సూపర్వైజరంటే ఇంజనీరింగు శాఖలో కింది మెట్టు. మేస్త్రీకి పైన, అసిస్టెంటు ఇంజనీరుకు కింద ఉంటాం. పని చేయించేది మేము, పేరొచ్చేది పైవాళ్లకు, మాటొచ్చేది మళ్లీ మాకే. ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి అప్పటికి మూడు నెలలే. ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్నాయి. రోడ్లు వెయ్యాలి, పాకలు కట్టాలి, మరుగుదొడ్లు తవ్వాలి, అన్నీ నిన్నటికే కావాలి. ఇన్ని పనుల మధ్య నాకప్పగించింది ఒక టెన్నిస్ కోర్టు.

నేను ఆటగాణ్ణి కాను. మాది రాయచోటి. ఆ ఊళ్లో అప్పట్లో టెన్నిస్ ఆడిన మానవుడు లేడు. కాబట్టి ఈ పని నాకెందుకిచ్చారో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కొత్తగా వచ్చినవాడు, ఎదురు మాట్లాడడు అనుకుని ఉంటారు. అలా అనుకుంటే వాళ్ల అంచనా తప్పలేదు.

సంగతేమంటే, మన దేశపు ఆటగాళ్లు గడ్డి మీద బాగానే ఆడేవారు. ఏటా వేసవి మొదట్లో యూరపులో మట్టి కోర్టుల మీద పోటీలు జరిగేవి. అక్కడికి పోయిన మనవాళ్లు మొదటి ఆటలోనే ఓడి పెట్టె సర్దుకునేవారు. దక్షిణాది టెన్నిస్ సంఘానికి ఆ ఏడు ఒక పెద్దమనిషి కార్యదర్శి. రిటైరైన జడ్జి, యూరపు చూసి వచ్చినవాడు. గడ్డి మీద గెలిచినవాణ్ణి మట్టి మీదికి పంపితే ఏం లాభం, మట్టి మీదే ఆడించి గెలిచినవాణ్ణే పంపుదాం అన్నాడు. కొత్త రాజధానిలో కోర్టు వేయించి, ఫిబ్రవరి చివర ఒక పోటీ పెట్టి, గెలిచిన ఒక్కణ్ణి ఆ సీజనుకు పంపాలని తీర్మానించారు.

కార్యదర్శి మద్రాసు నుంచి టైపు కొట్టించిన కాగితం పంపాడు. దాన్ని మా భాషలో స్పెసిఫికేషను అంటాం. ఏ పొర ఎంత మందం, ఏ పొర మీద ఏ పొర, నీళ్లెప్పుడు, రోలరెప్పుడు, అన్నీ అందులో ఉంటాయి. అడుగున కంకర, దాని మీద రైలింజన్ల బొగ్గు కిట్టం, ఆపైన జల్లించిన ఎర్రమట్టి. అన్నిటికీ పైన పావు అంగుళం ఇటుక పొడి, వదులుగా. ఆ వదులుగా అన్న మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. బంతి ఆ పొడిలో పడితే వేగం చచ్చి పైకి లేస్తుంది. ఆటగాడి కాలు దాని మీద జారుతుంది, జారుతూనే బంతిని అందుకోవాలి. మట్టి ఆట కీలకమంతా ఆ పావు అంగుళంలో ఉంది. ఇదంతా నాకు నేర్పినవాడు ఓబులేసు.

ఓబులేసు కమలాపురం బోర్డు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఇరవయ్యారేళ్లుంటాయి. మద్రాసులో డ్రిల్లు ట్రైనింగుకు పోయినప్పుడు టెన్నిస్ పట్టుబడిందట. ఊరికొచ్చి బడి వెనక పిల్లలతో కలిసి తానే ఒక కోర్టు చేసుకున్నాడు. ఎర్రమట్టి, వదులు నేల, వాన పడితే బురద, లేకపోతే దుమ్ము. దాని మీద ఆరేళ్లు ఆడాడు. జిల్లాలో ఆయన్ను గెలిచినవాడు లేడు. పోటీకి పది రోజుల ముందే సెలవు పెట్టి కర్నూలు వచ్చి, సత్రంలో దిగి, తెల్లవారేసరికి నా పని దగ్గర హాజరయ్యేవాడు. నాదీ కడప జిల్లానే అని తెలిసిన రోజు నుంచి నన్ను మా జిల్లా సారు అనేవాడు.

పైపొర వేసిన రోజు చెప్పులు విప్పి దాని మీద అటూ ఇటూ పరుగెత్తి జారి చూసుకున్నాడు. నేనడిగితే ఆట గురించి ఒకే ఒక మాట చెప్పాడు.

"ఈ మట్టి మీద బంతి నిలబడతాది సార్. నిలబడితే నేను అందుకుంటా. ఎంతసేపైనా అందుకుంటా. అంతే నాకు తెలిసిన ఆట."

అది గొప్పలు చెప్పుకోవడం కాదని నాలుగు రోజుల్లో తెలిసింది. మద్రాసు నుంచి ముందుగా వచ్చిన ఇద్దరు ఆటగాళ్లు సరదాగా ఆయనతో ఆడారు. వాళ్లు బలంగా కొట్టిన ప్రతి బంతీ తిరిగొచ్చేది. పదోసారో పదిహేనోసారో విసిగి వాళ్లే వలలోకి కొట్టుకునేవారు. చూడటానికి అందమైన ఆట కాదు. రుబ్బురోలు తిప్పినట్టు ఉంటుంది. కానీ ఆ నేలకు కావలసిన ఆట అదేనని, యూరపులో గెలిచేవాళ్లు అలాగే గెలుస్తారని కార్యదర్శి స్వయంగా అన్నాడు. ఆ వచ్చినవాళ్లలో ఒకడు రంగనాథన్. గడ్డి మీద మంచి పేరున్నవాడు, మర్యాదస్థుడు. ఈ నేల మీద ఈ డ్రిల్లు మాస్టర్ని గెలవడం తన వల్ల కాదని నా ఎదుటే ఒప్పుకున్నాడు. చివరికి పోటీ ఓబులేసుకూ రంగనాథన్ కూ మధ్యే మిగిలింది.

ఆ ఆఖరి ఆటకు ఒక మంత్రిగారు వచ్చి ప్రారంభిస్తారని కబురు వచ్చింది. మా కథ అడ్డం తిరిగింది అక్కడే. మంత్రిగారిది ఇందులో దోషమేమీ లేదు. ఆయన ఏమీ అడగలేదు.

ముందు రోజు మధ్యాహ్నం మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు తనిఖీకి వచ్చాడు. డివిజనుకంతా అధికారి ఆయనే. ఫిబ్రవరి చివర కర్నూలు గాలి సంగతి తెలిసిందే. పొడి లేచి ఆయన తెల్ల ప్యాంటు మీద ఎర్రగా పడింది. నెమ్మదిగా దులుపుకుని నన్ను పిలిచాడు.

"ఇంటికి అతిథి వస్తే వాకిలి అలికి ముగ్గు పెడతామా, ఇటుక పొడి చల్లుతామా?" అన్నాడు.

స్పెసిఫికేషనులో అలా ఉందని నసిగాను. స్పెసిఫికేషను ఆట కోసమనీ, ఆట ఎటూ ఆడతారనీ, పొడి తీయించి పేడతో అలికించి రోలరు తిప్పించమనీ ఆయన అన్నాడు. కార్యదర్శికి ఒక మాట చెబుదామా అన్నాను. ఆయన నా వైపు చూసి, నా ప్రొబేషను ఎప్పుడు ముగుస్తుందని అడిగాడు. ప్రొబేషనంటే ఉద్యోగం ఖాయమయ్యే దాకా పెట్టే పరీక్షకాలం. నా ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఏప్రిల్లో సార్ అన్నాను. సరే మంచిది అని జీపెక్కాడు. బెదిరించాడని నేను ఫిర్యాదు చేసుకునేందుకు కూడా అందులో ఏమీ లేదు.

మేస్త్రీ హుసేనప్పకూ కూలి ఆడవాళ్లకూ ఆ ఉత్తర్వు పండగలా తోచింది. నెల రోజులుగా వాళ్లకు ఈ పని అర్థం కాలేదు. ఇంత కష్టపడి నేల చేసి పైన దుమ్ము చల్లడమేమిటని నవ్వుకునేవారు. ఇప్పుడు చేతికి తెలిసిన పని వచ్చింది. కొర్రలు, జొన్నలు నూర్చే కళ్లం ఎలా చేస్తారో మా సీమలో పసిపిల్లకు కూడా తెలుసు. పుట్టమన్ను తడిపి, పేడతో కలిపి అలికి, ఆరీ ఆరకముందే బండరోలరు తిప్పితే గింజ పడ్డా మన్ను అంటదు. రెండు బండ్ల పేడ వచ్చింది. పొడంతా ఊడ్చి గుడారం వెనక కుప్ప పోశారు. పొద్దుగుంకేలోపు అలకడం, రోలరు తిప్పడం అయిపోయింది.

"చూడండి సార్, అద్దం మాదిరి ఎట్లుండాదో. ఇంత మంచి కళ్లం మా ఊర్లో రెడ్డికి కూడా లేదు" అన్నాడు హుసేనప్ప. అతను చెప్పింది నిజం. నా ఉద్యోగంలో అంత నాణ్యంగా జరిగిన చెడగొట్టుడు పని మరొకటి లేదు.

కార్యదర్శి బస చేసిన ప్రయాణికుల బంగళా అక్కడికి ఒక ఫర్లాంగు. ఆ సాయంత్రం ఆ దారిలోనే ఇంటికి పోయాను. గేటు దగ్గర ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే నాలుగు మూలలా ముగ్గులు పెట్టారు. ఓబులేసు వచ్చి, చెప్పులు విప్పి, నేల మీద కాలు పెట్టాడు. బొటనవేలితో నొక్కాడు. వంగి అరచేత్తో తట్టాడు. ఆ తర్వాత నా దగ్గరకు వచ్చి, "ఏం సార్, కళ్లం చేసినారే. కంకులు యాడ?" అన్నాడు. ముఖంలో నవ్వు ఉంది గాని కళ్లలో లేదు. పెద్దసారు ఉత్తర్వు అన్నాను. ఆయన తల ఊపి పక్కన నిలబడ్డాడు.

ఆట మొదలుపెట్టే ముందు ఒక పద్ధతి ఉండేది. నేల చేయించిన ఇంజనీరింగు ఉద్యోగి అది స్పెసిఫికేషను ప్రకారం ఉందని కాగితం మీద సంతకం చేసి ఇవ్వాలి. ఆ కాగితం నేను వారం కిందటే ఇచ్చాను. అప్పటికది నిజం. కార్యదర్శి ఆ కాగితం చేతిలో పట్టుకుని కోర్టు దగ్గరకు వచ్చాడు. నేలను చాలాసేపు చూశాడు. జడ్జి పని చేసినవాడు గదా, అనుమానం వచ్చింది. నన్ను పిలిచి అందరి ముందూ అడిగాడు.

"ఇది నేను పంపిన కాగితం ప్రకారమేనా?"

గుడారం వెనక ఇటుక పొడి కుప్ప అలాగే ఉంది. కాదు అని నేనంటే, పైన గోకి పొడి చల్లడానికి మధ్యాహ్నం దాకా పడుతుంది. ఆట సాయంత్రం ఆడించవచ్చు. కార్యదర్శి తప్పకుండా అదే చేయించేవాడు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నాలుగడుగుల దూరంలో రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఓబులేసు నా పక్కనే ఉన్నాడు.

"అవును సార్. పైపొర కొంచెం గట్టి చేశాం, అంతే" అన్నాను.

కార్యదర్శి ఇంకో క్షణం నా ముఖం చూశాడు. ఇంజనీరు మాటకు పై మాట చెప్పే అధికారం తనకు లేదనుకున్నాడో ఏమో, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆట గురించి రాయడానికి ఎక్కువ లేదు. బంతి ఆ నేల మీద నిలబడలేదు, రాతి మీద పడ్డట్టు దూసుకుపోయింది. రంగనాథన్ కు అది గడ్డి కంటే హాయిగా ఉంది. ఓబులేసు ఆరేళ్ల అలవాటు కొద్దీ జారబోయాడు. కాలు జారలేదు, పట్టేసింది. రెండుసార్లు బోర్లా పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారింది. వరసగా మూడు సెట్లూ పోయాయి. గంట కూడా పట్టలేదు. మంత్రిగారు యాభై గజాల దూరాన షామియానా కింద కూర్చుని, పది నిమిషాలు చూసి, ఇంకో సభ ఉందని వెళ్లిపోయారు. కోర్టు మీద కాలు పెట్టనే లేదు. ఆయన పంచె తెల్లగానే వచ్చి తెల్లగానే పోయింది.

గెలిచిన రంగనాథన్ నా దగ్గరకు వచ్చి, నిన్నటి కోర్టు ఏమైందని అడిగాడు. గెలిచినవాడికి అడగాలనిపించింది, కట్టించినవాడికి చెప్పాలనిపించలేదు. ఏదో గాలి, దుమ్ము అని గొణిగాను.

ఆ వేసవిలో అతను యూరపు వెళ్లాడు. ఎక్కడా మొదటి ఆట దాటలేదు. జూన్ లో ఒక పత్రికలో పెద్ద వ్యాసం వచ్చింది. మనవాళ్లకు మట్టి అచ్చిరాదని, ఆ ఓపిక మన నెత్తురులోనే లేదని, ఆ సీజను మీద ఆశ వదులుకోవడం మేలని రాశారు. మట్టి మీద ఆడించి మరీ ఎంపిక చేసినా ఇదే గతి అని కూడా రాశారు. ఆఫీసులో దాన్ని బిగ్గరగా చదివి చర్చించుకుంటుంటే నేను తలవంచుకుని, నేల ఎత్తుపల్లాలు ఎక్కించే లెవెళ్ల పుస్తకం రాసుకున్నాను. మరుసటేడు మట్టి పోటీ పెట్టలేదు. నా ప్రొబేషను మాత్రం ఏప్రిల్లోనే సక్రమంగా ముగిసింది.

1959లో కమలాపురం స్కూలుకు రెండు గదులు మంజూరైతే మార్కింగు ఇవ్వడానికి నేనే వెళ్లాల్సి వచ్చింది. మార్కింగంటే పునాది ఎక్కడ తవ్వాలో నేల మీద సున్నంతో గీయడం. హెడ్మాస్టరు చూపించిన స్థలం బడి వెనక ఎర్రనేల. వల కట్టిన గుంజలు రెండూ ఇంకా ఉన్నాయి. ఈ చోటు ఇమ్మని చెప్పింది డ్రిల్లు మాస్టరేనట. ఆడేవాళ్లు లేరు, పిల్లలు చెట్టు కింద చదువుతాండారు, గదులే మేలు అన్నాడట.

ఓబులేసు వచ్చాడు. కొంచెం ఒళ్లు చేశాడు. నేనే ముందు నోరు విప్పాను. ఆ రోజు నేను నిజం చెప్పి ఉండాల్సిందని, తప్పు నాదేనని అన్నాను. ఐదేళ్లు లోపల నలిగిన మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలిసే అన్నాను. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆయన కోపపడలేదు. కోపపడితే బాగుండేది.

"నాకూ నోరుండాది సార్. సెక్రెటరీ అడిగినప్పుడు మీ పక్కనే ఉంటి. నేను చెప్తే, ఓడిపోతానని ముందే సాకు చెప్తాండాడంటారు. ఇంజనీరు చెప్తే చెల్లుతాది. మా జిల్లా సారు, నెల దినాలు ఆ నేల చేసినాయన, ఈయనే చెప్తాడులే అని ఊరకుంటి" అన్నాడు.

ఆయన టేపు రెండో కొస పట్టుకుని, గుంజ పక్కన నిలబడి, ఎంత దూరం సార్ అని అడిగాడు. ఇరవై అడుగులన్నాను. ఆ కోర్టు మీద సున్నపు గీతలు ఇద్దరం కలిసి గీశాం.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు ఉద్యోగం చేశాను. పైఅధికారి ఉత్తర్వు తప్పని రెండుసార్లు కాగితం మీద రాశాను. రెండుసార్లూ బదిలీ అయింది. రెండుసార్లూ బతికాను. కర్నూల్లోనూ బతికేవాణ్ణే అని దానివల్ల తెలిసింది తప్ప ఇంకేమీ ఒరగలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. నేల మీద సంతకం చేసినవాడు ఆ నేలకు సాక్షి, పైఅధికారికి కాదు. సాక్షిని ఒక్కసారే అడుగుతారు. ఆ తర్వాత చెప్పుకున్నదేదీ, ఇప్పుడు నేను రాస్తున్న దీనితో సహా, ఎవరి ఆటనూ మళ్లీ ఆడించదు.