అక్క ఇంట్లో అడ్డుగోడ

వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేయమని అక్క అడిగితే, మేస్త్రీ పని చేసే ఆమె తమ్ముడు మేడ మీదికి వెళ్లి చూడనైనా లేదు.

"ఇది ఉత్త అడ్డుగోడ అక్కా, బరువేం మోయదు" అని సుత్తి అందుకున్నాడు.

సగం కొట్టేసరికి పై దూలం కిర్రుమంటూ కుంగింది. మేడ గది తలుపు బిగుసుకుపోయి బావ లోపల ఇరుక్కున్నాడు. మేస్త్రీ గబగబా దూలం కింద దుంగలు నిలబెట్టి, తలుపు పగలగొట్టి బావను బయటికి తెచ్చాడు.

"తమ్ముడు వద్దంటూనే ఉన్నాడండీ, నేనే తొందరపెట్టాను" అంది అక్క బావతో, తప్పు తన మీద వేసుకుంటూ.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది.

"లేదు బావా. చూడకుండా కొట్టింది నేనే" అన్నాడు నేల చూస్తూ.

బావ వెంటనే ఇంజనీరుకు ఫోన్ చేశాడు. మర్నాడు ఇంజనీరు వచ్చి ఇనుప దూలం వేయించాడు. ఆయన చెప్పినట్టల్లా మేస్త్రీ చేశాడు. అక్క మంచినీళ్లిస్తే మాత్రం, ఆమె మొహం చూడలేక గ్లాసు కింద పెట్టమన్నాడు.