ఉస్తాద్ ఇచ్చిన కడ్డీలు

బన్సీలాల్‌పేట్‌లో టైరు చాంద్‌పాషాను ఎరగనివాళ్ళు లేరు. మోటార్ సైకిల్ చక్రం ఆయన వాకిట్లో పడేసి చాయ్ తాగి వస్తే చాలు, ఆలోగా టైరు మార్చి పెట్టేవాడు. కానీ "నీ ఉస్తాద్ ఎవరు చాంద్‌భాయ్?" అని అడిగారో, ముఖం గంటు పెట్టుకుని, "నాకు ఉస్తాద్ లేడు" అనేవాడు. పచ్చి అబద్ధం! పదహారేళ్ళు ఒకే ఉస్తాద్ దగ్గర నూనెలో, మసిలో మునిగి తేలినవాడు. ఆ మాట ఎందుకనేవాడో వింటే మీకూ కడుపు మండుతుంది. నాకైతే ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ ఉస్తాద్ పేరు పీర్ మహమ్మద్. కార్ఖానా అనే పేటలో మోటార్ సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఆయనది. తండ్రి పోయిన ఏడు చాంద్‌పాషా ఆ షెడ్డులో చేరాడు. పని నేర్పింది ఉస్తాదే, తప్పు చేస్తే చెవి మెలేసింది ఉస్తాదే, చివరికి కళాయి పూసేవాళ్ళ బిడ్డ మాబూబీని చూసి నిఖా చేయించింది కూడా ఉస్తాదే. తండ్రి లేడన్న బెంగ చాంద్‌పాషాకు ఎప్పుడో పోయింది.

నలభై ఎనిమిది సెప్టెంబరులో ఇండియా ఫౌజు వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. మోటార్ సైకిళ్ళున్న పెద్దమనుషుల్లో కొందరు కరాచీ దారి పట్టారు, కొందరు బండ్లను గడ్డివాముల్లో దాచి కూర్చున్నారు. షెడ్డులో ఈగలు తోలుకోవడం తప్ప పని లేదు. చలికాలం రాగానే ఉస్తాద్ చాంద్‌పాషాను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"చాందూ, ఇద్దరికి సరిపోయే పని లేదు బేటా. నువ్వు ఇంట్లనే టైర్ల పని షురూ చెయ్. నా నడుము పాయె, వంగుడు నాతోని కాదు. టైర్లన్ని నీకే పంపిస్త."

అప్పటికి చాంద్‌పాషా ముందు రెండే దారులున్నాయి. ఇంటి దగ్గర ఈ పని నిలబెట్టుకోవడం, లేదా ఇల్లు విడిచి షోలాపూర్ వెళ్ళి బావమరిదితో పాటు బట్టల మిల్లులో కూలికి చేరడం. మిల్లు పేరెత్తితేనే అతనికి ఊపిరాడేది కాదు.

మూడు రోజులు రాణీగంజ్ పాతసామాను కొట్లన్నీ తిరిగాడు. పంపును కొనేముందు బొటనవేలితో దాని మూతి మూసి, లోపలి తోలు గాలి పడుతుందో లేదో చూసుకున్నాడు. చక్రం బిగించే స్టాండ్ కొనలేదు. అరిగిపోయిన లారీ టైరొకటి నేలమీద పరిచి దానిమీద చక్రం పడుకోబెడితే చువ్వలు వంగవు, అది చాలనుకున్నాడు. టైరు అంచు జారడానికి సబ్బు నీళ్ళు కావాలంటే, మాబూబీ కుండెడు కుంకుడు రసం తీసి పెట్టింది. ఇక మిగిలింది అసలైన సామాను, టైరు అంచును చక్రం మీంచి ఎత్తే ఇనుప కడ్డీలు.

కడ్డీలు కొనడంలో ఉంది తెలివంతా. పొడుగు కడ్డీకి బలం ఎక్కువ, కానీ లోపల ట్యూబుకు తగులుతోందో లేదో చేతికి తెలియదు. పొట్టిదైతే చేతికి తెలుస్తుంది, భుజం నొప్పి పుడుతుంది. చాంద్‌పాషా భుజానికేం, రాయి. మిలిటరీ వేలంలో వచ్చిన గుట్టలోంచి ఒక జత పొట్టివి ఏరి, గరిటె కొసలా గుండ్రంగా ఉన్న అంచులు చూసి మురిసిపోయి, ఆ సంబరంతో ఉస్తాద్‌కు చెప్పడానికి వెళ్ళాడు. కొట్టువాడికి పక్కన పెట్టమని చెప్పి మరీ వెళ్ళాడు.

"వద్దని చెప్పిరా పో," అన్నాడు ఉస్తాద్. "నా షాగిర్ద్ బజారు ఔజారుతోని పని మొదలు వెడతడా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. శిష్యుడు సొంతంగా పని పెట్టుకునేటప్పుడు మొదటి పనిముట్టు ఉస్తాద్ చేతులమీదుగానే అందుకోవాలి. ఉస్తాద్ బతికున్నన్నాళ్ళు దాన్ని సానపట్టకూడదు, అరగదీయకూడదు, ఉన్నది ఉన్నట్టే వాడాలి. ఒక శుక్రవారం నమాజు తర్వాత చక్కెరమీద ఫాతెహా చదివి, ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన రెండు నల్లటి కడ్డీలు ఉస్తాద్ అతని చేతిలో పెట్టాడు.

"మా ఉస్తాద్ నాకిచ్చినయ్ ఇవి. ఇగ నీవి."

చాంద్‌పాషా వాటిని కళ్ళకద్దుకున్నాడు. ఇంటికొచ్చేదాకా ఆ గుడ్డ విప్పలేదు.

మాబూబీ వాటిని చూడగానే దుపట్టా కొస తీసి ఒక కడ్డీ అంచుమీంచి మెల్లగా లాగింది. కళాయి పూసిన గిన్నె అంచును వాళ్ళ నాన్న అలాగే చూసేవాడు. గుడ్డ జారితే గిన్నె బాగున్నట్టు, పోగు పట్టుకుంటే అంచుకు ముల్లున్నట్టు. దుపట్టా సగంలోనే చిక్కుకుని, పోగు బయటికొచ్చింది.

"చూసిండ్రా? ముల్లుంది. జెర ఆకురాయి వెడితే పోతది."

"దిమాగ్ ఉందా నీకు? ఉస్తాద్ ఇచ్చిన దానికి ఆకురాయి వెడతరా ఎవరన్న?"

"ఉస్తాద్‌కు మొక్కుండ్రి, నేనొద్దంటనా? గిది ఇనుము గద!"

ఆమె మాట విన్నాడా? వింటే ఈ కథే లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు మా చాంద్‌పాషా.

మొదటి వారం ఒక ట్యూబు చిరిగింది. పాతది, చచ్చుబడి ఉంటుందిలే అనుకున్నాడు. తర్వాత ఇంకొకటి. ఫౌజు రాకముందు నుంచే సరిహద్దులో సరుకులు ఆగిపోయి, ఊళ్ళో కొత్త ట్యూబు దొరకడం గగనమైన రోజులవి. చిరిగినదానికి మాట పడటమే గాని మారు ట్యూబు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ప్రతిసారీ చిరుగు ఒక్కచోటే. టైరు చివరి జానెడు లోపలికి తోసేటప్పుడు, కడ్డీ కొస తగిలినచోట. అయినా ఆ వెర్రిబాగులవాడు తన చేతులనే తిట్టుకున్నాడు. ఉస్తాద్ పక్కన లేకపోయేసరికి చెయ్యి తప్పుతోందనుకున్నాడు. తాయెత్తు కూడా కట్టించుకున్నాడంటే చూడండి!

ఆఖరికి దేవానందం గారి వంతు వచ్చింది. ఆయన మిషన్ బడుల తనిఖీ అధికారి, పల్లెలన్నీ మోటార్ సైకిల్ మీదే తిరిగేవాడు. జనవరిలో ఒకటి, ఫిబ్రవరిలో ఒకటి, రెండు ట్యూబులు చిరిగాయి. మంచి మనిషి, కేకలు వేయలేదు. అదే చాంద్‌పాషాను ఎక్కువ కోసింది.

"చాంద్‌పాషా, ఈ ట్యూబు కోసం బొంబాయికి ఉత్తరాలు రాసి నెల రోజులు కాచుకున్నానయ్యా. నీ మీద కోపం లేదు. ఇకనుంచి కార్ఖానాకే తీసుకెళ్తాను. పీర్ మహమ్మద్ మళ్ళీ టైర్లు మారుస్తున్నాడట."

చాంద్‌పాషాకు ఆ చివరి మాట చెవికెక్కనే లేదు. నా చేతికేమైందో ఉస్తాదే చెప్పాలి, పక్కన నిలబడి ఒక్కసారి చూస్తే పట్టేస్తాడు అనుకుంటూ, కడ్డీలు గుడ్డలో చుట్టుకుని కార్ఖానాకు నడిచాడు. షెడ్డు పక్కనే కమ్మరి భద్రయ్య కొలిమి. భద్రయ్య పలకరించి, గుడ్డలోంచి తొంగిచూస్తున్న కడ్డీని చూసి సుత్తి ఆపాడు.

"ఇంకా గట్లనే ఉన్నయేంది? అంచు నున్నగ చేసుకోలేదా?"

"ఇవి నీకెట్ల ఎరుక భద్రన్నా?"

"నేను కొట్టినయే గదా! మొన్న చలికాలం మొదట్ల. అంచు గుండ్రం చేయబోతే మీ ఉస్తాదే వద్దన్నడు. గట్లనే ఉంచి నూనె మసి పూసి నల్లగ చెయ్యుమన్నడు. నువ్వే నున్నగ చేసుకుంటవన్నడు."

చాంద్‌పాషా చేతిలోని కడ్డీలవైపు చూసుకున్నాడు. ఉస్తాద్‌కు వాళ్ళ ఉస్తాద్ ఇచ్చినవట! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. అప్పుడు చూశాడు షెడ్డులోకి. నడుము పోయిందన్న పెద్దమనిషి నడుము వంచి, దేవానందం గారి చక్రం ముందు కూర్చుని, టైరెక్కిస్తున్నాడు. ఎక్కించి గాలి కొడితే ట్యూబు చక్కగా నిలబడింది.

చాంద్‌పాషా ఆ కడ్డీలు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"నేనేం తప్పు జేసిన ఉస్తాద్?"

పీర్ మహమ్మద్ భద్రయ్య కొలిమి వైపు ఒకసారి చూశాడు. ఇంక దాచడానికేమీ లేదని తెలిసింది. చేతులు తుడుచుకున్నాడు.

"తప్పేం చెయ్యలే. నీ చెయ్యి మంచిగుంటది. ఉన్న నలుగురు గిరాకీలు నీ ఎంబడే వస్తరు. నేనీ వయసుల ఏడికి పోవాలె?"

"ఆ మాట నాకు చెప్తే నేనే షోలాపూర్ పోతుంటి గద! చేతికి ఇచ్చి, ఫాతెహా చదివి ఇస్తివి."

"ఆకురాయి రెండు గీతలు గీస్తే పోయేదిరా," అన్నాడు ఉస్తాద్, ముఖం పక్కకు తిప్పుకుని. మళ్ళీ తనే, "నువ్వు గీయవని నాకెరుక," అన్నాడు.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదీ. శత్రువైతే ఎదురుగా వచ్చి కొట్టేవాడు. ఈయన మాత్రం పదహారేళ్ళుగా శిష్యుడు తనకు పెట్టిన దండాన్నే కత్తి చేసుకున్నాడు.

చాంద్‌పాషా సలాం చేయకుండా వెనక్కి తిరిగాడు. ఆ షెడ్డు గడప అలా దాటడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇంటికొచ్చి వాకిట్లో లారీ టైరు మీద కూలబడి, "ఆకురాయి తే," అన్నాడు. మాబూబీ అతని ముఖం చూసింది. నేనప్పుడే చెప్పానని అనలేదు. ఆకురాయి తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

ఒక కడ్డీ, తర్వాత రెండోది. ఇనుప రజను మోకాళ్ళ మీద రాలింది. ఆపగానే మాబూబీ దుపట్టా కొస అంచుమీంచి లాగింది. జారిపోయింది. రెండోదాని మీద కూడా జారిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు చాంద్‌పాషా.

"అయిపోయింది జీ."

పాన్ నమిలినంత సేపు కూడా పట్టలేదు. ఆ కడ్డీలు ఒళ్ళో పెట్టుకుని అతను భోరున ఏడ్చాడు. కన్నతండ్రి పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు.