పసుపు తోటకు విమానపు నూనె

మొన్న మోకాళ్లు చూపించుకోవడానికి మద్రాసు పోవలసివచ్చి, కడప విమానాశ్రయంలో విమానం మెట్లెక్కుతుంటే ఒక వాసన వచ్చింది. కిరసనాయిలు వాసన లాంటిదే, కానీ తేలిక. ముక్కులో నిలవకుండా జారిపోతుంది. కొద్ది దూరంలో ఇంధనం పోసిన ట్యాంకరు వెనక్కి పోతూ ఉంది. నేను మెట్టు మీదే ఆగిపోయాను. వెనకనున్న అబ్బాయి నాకు భయం వేసిందనుకున్నట్టుంది, "ఏం కాదులే పెద్దమ్మా, ఎక్కు" అన్నాడు. ఈ వాసన నాకు అరవై ఏళ్ల కిందటే తెలుసంటే నమ్మడని ఊరుకున్నాను.

అప్పటికి నాకు పెళ్లయి ఎనిమిది నెలలు. పుట్టిల్లు పులివెందుల దగ్గర వేముల. మా నాయనకు శెనగనూనె గానుగ ఉండేది. మెట్టినిల్లు చాపాడు పక్క పల్లె. కొత్తకోడలు మగవాళ్ల ముందు నోరు తెరవకూడదని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు గానీ, తెరిచిన కోడలు కూడా నాకెక్కడా కనబడలేదు. తలూపుతూనే రోజులు వెళ్లదీస్తున్నాను. మా మామగారి తమ్ముణ్ణి చిన్నమామ అనేవాళ్లం. బావి మీది ఆయిలింజను ఆయన ప్రాణం. పొద్దున్నే భుజం మీది తువ్వాలతో దాన్ని తుడిచి, అదే తువ్వాలతో తన మొహం తుడుచుకునేవాడు. అందుకని ఎప్పుడు చూసినా ఆయన మొహాన మసి గీతలుండేవి. దేన్ని చూసినా ఇది ఎట్లా నడుస్తుంది, ఎందుకు ఆగుతుంది అని అడిగే మనిషి. ఇంట్లో గోడ గడియారం రెండుసార్లు విప్పి, రెండోసారి ఒక చక్రం మిగిల్చాడు.

ఆ యేడు డీజిలు దొరకలేదు. క్రూడాయిలు అనేవాళ్లం అప్పుడు. ప్రొద్దుటూరు బంకు ముందు క్యాన్లు వరస కట్టి ఉండేవి గానీ నిండేవి కావు. పసుపు తోట గడ్డ ఊరే అదనులో ఉంది, ఆకులు అంచుల నుంచి ఎండుతున్నాయి. అప్పుడు మద్రాసుకు లారీ తోలే మా ఆడబిడ్డ మొగుడు రెండు పీపాలు దించాడు. "విమానాల్లోంచి తీసేసిన నూనె. మళ్లీ వాటిలో పొయ్యరంట. కిరసనాయిలు జాతే, పోసి చూడు మామా" అన్నాడు. మూత తీస్తే నీళ్లలా తెల్లగా ఉంది. ఇంటిల్లిపాదీ వంగి వాసన చూశాం. మా అత్త మాత్రం దూరంగా నిలబడి, "విమానాలు తాగేదంట. ఇంజను లేసి యాడికన్నా పోతే ఎవురు పట్టుకొస్తారు" అంది. నవ్వులాటకు కాదు, నిజంగానే.

ఇంజను లేవలేదు గానీ బాగానే నడిచింది. పొగ తక్కువ. రెండు రోజులు చిన్నమామ దాని పక్కనే కూర్చుని, ఊళ్లోవాళ్లను పిలిచి మరీ చూపించాడు. మూడో రోజు మధ్యాహ్నం సన్నగా కీచుమని ఆగిపోయింది.

ప్రొద్దుటూరు నుంచి సాయిబు మామ వచ్చాడు. ఇంజన్లు బాగుచేసే పెద్దాయన, ఊరందరికీ మామే. నూనెను ఇంజను లోపలికి చిమ్మే చిన్న పంపు విప్పి, మా వసారాలో గోనెపట్ట మీద పెట్టుకుని కూర్చున్నాడు. లోపలి కడ్డీ నిండా గీతలు. పీపాలోని నూనెను బొటనవేలితో రుద్ది చూశాడు.

"క్రూడాయిల్లో జిడ్డుంటాదప్పా. ఆ జిడ్డు మీదే ఈ కడ్డీ జారతా ఉంటాది. దీంట్లో మంట ఉంది, జిడ్డు లేదు. ఇప్పుడైతే నున్నగా చేసిస్తా. కడ్డీ మళ్లీ బిగుసుకుందంటే కొత్తది మద్రాసు నుంచి రావాల."

చిన్నమామ కడ్డీనే చూస్తున్నాడు. "తోట నాలుగు రోజులు కూడా ఆగదు మామా. ఇంజనాయిలు కలుపుదామంటే అది కూడా యాడా దొరకడంల్యా."

నేను మజ్జిగ గ్లాసులు పెట్టి లోపలికి పోవాలి. పోలేదు. ఆ నూనె నా చేతికి అంటినప్పుడు వేళ్లు తెల్లగా పొట్టు లేవడం, పుట్టింట్లో గానుగ రోలుకూ రోకలికీ మధ్య నూనె తడి ఆరితే కీచుమనడం రెండూ నా తలలో అప్పటికే పక్కపక్కన నిలబడి ఉన్నాయి.

"శెనగనూనె కలిపితే?" అన్నాను.

మా అత్త వాకిట్లో చాట ఆపింది. సాయిబు మామ తలెత్తి, "ఎందుకట్ల అనుకున్యావు తల్లీ" అని అడిగాడు. గానుగ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. గాజుగ్లాసు తెప్పించి రెండూ కలిపి ఎండలో పెట్టాడు. కడ్డీ అరగదీసే పని అయ్యేదాకా చూశాడు. విడిపోలేదు. మళ్లీ బొటనవేలితో రుద్దాడు. "జారతాంది. రోగానికి మందనుకోండి, తిండి అనుకోవద్దండి. ఆ పీపాలతో ఆపేయాల" అన్నాడు.

మా అత్త నూనె జాడీ తెచ్చి, తానే కొలిచి పోసింది. ఇంజను నడిచింది. పొగ బజ్జీలు వేయించినట్టు వాసన కొట్టి, కలుపు తీసేవాళ్లకు పదిగంటలకే ఆకలయ్యేది. పీపాలు అయిపోయే లోపల క్రూడాయిలు వచ్చింది. తోట దక్కింది. పంపు మాత్రం అరిగిపోయి మరుసటి యేడు మార్చవలసివచ్చింది. చిన్నమామ ఆ తర్వాత ఏది విప్పినా నన్ను పిలిచి, "ఏమ్మా, దీన్నేమంటావు" అనేవాడు. నేను ఏదో ఒకటి అనేదాన్ని, సగం తప్పులే.

ఇప్పుడు ఆయన లేడు, అత్త లేదు, బావిలో నీళ్లూ లేవు. ఆ ఇంట్లో మొదటి మాట పైకి రావడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. తర్వాతి అరవై ఏళ్లు మాట్లాడుతూ ఉండగానే అయిపోయాయి.