మా ఆవిడ కూతకు వచ్చిన జవాబు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. భూముల సర్వే శాఖలో పనిచేసినన్నాళ్లూ శ్మశానాల హద్దులు కూడా గొలుసు పట్టి కొలిచాను. గుంతలు, ముళ్లకంపలు తప్ప అక్కడ నాకేమీ ఎదురుకాలేదు. జరిగింది జరిగినట్టు రోజూ డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఇదీ అలాగే రాస్తున్నాను.

నిరుడు వానకాలంలో నేనూ, మా ఆవిడ సుగుణా ఒమన్ వెళ్లాం. ఆమె తమ్ముడు రవీందర్ అక్కడ సీబ్ అనే ఊళ్లో ఒక కంపెనీ బండి నడుపుతాడు. రిటైరయ్యాక కొండలూ వాగులూ చూడడమే నా పని. సూర్ అనే ఊరికి పోయే దారిలో ఒక లోయలోకి నేను నీళ్లలో దిగి నడిచి వెళ్తే, సుగుణ బయట నీడన కూర్చుని పల్లీలు తింది. ‘అన్నీ రాళ్లేనాయె’ అంది.

తర్వాత రవీందర్ సెలవు పెట్టి మమ్మల్ని ఆ దేశం దక్షిణపు కొసన ఉన్న సలాలా తీసుకుపోయాడు. రోజంతా ఎడారి. దాని చివర ఒక్కసారిగా పచ్చటి కొండలు, జల్లు, పొగమంచు, రోడ్డు మీద ఆవులు. ఆ వానకాలాన్ని అక్కడా ఖరీఫ్ అనే అంటారు.

ఇక్కడ కిష్టయ్య గురించి చెప్పాలి. అతను సుగుణకు మేనబావ. పెద్దలు ఆమెను అతనికే అనుకున్నారు. ఒక వానకాలం పశువుల్ని మళ్లించుకు రావడానికి అతను వాగు దాటాడు. సాయంత్రానికి పశువులు వచ్చాయి, అతను రాలేదు. ఆ తర్వాతే నాతో సంబంధం కుదిరింది.

వాళ్ల ఊళ్లో పశువులు కాసేవాళ్లకు ఒక పద్ధతి ఉండేదట. ఈ గుట్ట మీద ఒకరు కూత మొదలుపెడితే, ఆ గుట్ట మీద ఉన్నవాళ్లు దాన్ని పూర్తిచేయాలి. కిష్టయ్య పూర్తిచేశాక నాలుకతో రెండుసార్లు టక్కుమనిపించేవాడని, పెళ్లయిన కొత్తలో సుగుణ నవ్వుతూ చెప్పింది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేను మరిచిపోలేదు. చనిపోయినవాడికి జుట్టు రాలదు, గురక రాదు, సంసారంలో మాట తూలదు. అలాంటివాడితో పోటీపడి ఎవరు నెగ్గగలరు?

సలాలా పైన కొండరోడ్డు మీద, మధ్యాహ్నం, ఆవుల మంద అడ్డం నిలిచింది. రవీందర్ హారన్ కొట్టాడు. అవి కదల్లేదు.

‘ఆగురా, పశువుల ముంగట హారనేందిరా, బెదురుతయ్’ అంటూ సుగుణ దిగింది. నేనూ దిగాను. ఆమె నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కూత వేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ కూత నేను వినడం అదే మొదలు.

కుడివైపు మంచులోంచి జవాబు వచ్చింది. మగ గొంతు. సాగదీసి, మెల్లగా దించి, చివర టక్కు, టక్కు.

ఆవులన్నీ అటే తిరిగి చూశాయి.

సుగుణ భయపడలేదు. కొంగు భుజం మీదికి సర్దుకుని, నుదుటి మీద తడి వెంట్రుకలు వెనక్కి తోసుకుంది. నేను ఆఫీసు నుంచి ఇంటికొచ్చినప్పుడు ఆమె ఒక్కనాడూ అలా సర్దుకోలేదు. నాలో భయం కంటే ముందు మంట లేచింది.

‘ఎవడ్రా అక్కడ?’ అని అరిచాను. ఎవరూ పలకలేదు.

రవీందర్ స్టీరింగ్ పట్టుకుని బిగుసుకుపోయాడు. కిష్టయ్య పోయేనాటికి అతను చిన్నపిల్లవాడే, కానీ ఆ కూత ఎరుగును. ‘బావా, బండెక్కుండ్రి. అక్కను ఎక్కియ్యుండ్రి’ అన్నాడు.

‘విన్నవా?’ అన్నాను.

‘నన్నేం అడగకుండ్రి బావా.’

మరునాడు పొద్దున్నే దగ్గర్లో ఏదో సరస్సు ఉందట, చూసొస్తానని చెప్పి, టాక్సీలో ఒక్కణ్ణే మళ్లీ అక్కడికి వెళ్లాను. మంచు కాసేపు విడిపోయింది. గొంతు వచ్చిన వైపు నిలువుగా కోసినట్టు లోయ. మనిషి కాదు కదా, మేక కూడా నిలబడే చోటు లేదు. నేను నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, ఆమె వేసినట్టే కూత వేశాను. గొంతు బొంగురుపోయేదాకా వేశాను. ఒక ఆవు నావైపు చూసి మళ్లీ మేతలో పడింది.

రూముకు వచ్చేసరికి సుగుణ అరటిపండు ఒలుస్తోంది.

‘పలికిండా?’ అంది.

నేను నిజంగా ఎక్కడికి వెళ్లానో ఆమెకు చెప్పలేదు.

‘లేదు.’

‘మీకెందుకు పలుకుతడు?’ అంటూ సగం పండు నా చేతిలో పెట్టింది.

మన జిల్లాల వాళ్లు అక్కడ పనుల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరికో ఆ కూత వచ్చి ఉండవచ్చు. లోయ ఆమె గొంతునే మార్చి పంపి ఉండవచ్చు. నా బురద బూట్లు చూసి ఆమె పసిగట్టి ఉండవచ్చు. అన్నీ రాసి చూసుకున్నాను. ఆ నాలుక చప్పుడుకు మాత్రం ఏదీ సరిపోలేదు. ఆ గొంతు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు.

మళ్లీ వానకాలం వచ్చింది. కొండలూ గిండలూ నాకెందుకనే మనిషి, సలాలా ఎప్పుడు పోదామని అడుగుతోంది. టికెట్లు నేనే కొనాలి. ఇంకా కొనలేదు.