పడే బండిని పట్టుకోకూడదు

మా ఆయన్ని గోదాముల దగ్గర అందరూ క్రేన్ అంటారు. ఇద్దరు ఎత్తాల్సిన బస్తాను ఒక్కడే వీపు మీదికి తీసుకుని, దారిలో ఎవరైనా పలకరిస్తే దాంతోనే నిలబడి కబుర్లు చెప్పే రకం. అలాంటి మనిషికి నడుం పోయింది. వెన్నుపూసల మధ్య ఏదో జారిందని, ఇక బరువెత్తితే కాళ్లు చచ్చుబడిపోవచ్చని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఈయనగారు బుద్ధిగా తలూపి వచ్చి, తోటి హమాలీలతో మాత్రం "మోసీ మోసీ విసుగొచ్చిందిరా, హాయిగా బండి ఉద్యోగం చూసుకుంటున్నా" అని కోతలు కోశాడు. అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే.

ఆ బండి ఉద్యోగం నాది. పార్సిల్ ఆఫీసు తరఫున ఏళ్ల తరబడి మోటార్‌సైకిల్ మీద ఊరంతా తిరుగుతున్నాను. మేనేజరు కాళ్లావేళ్లా పడి ఆయన్నీ చేర్పించాను. కవర్లూ చిన్న డబ్బాలూ తప్ప మోసేదేమీ ఉండదు. బరువంటే బండి బరువే. నిలబడినంతసేపూ దాన్ని చక్రాలు మోస్తాయి. పడిందా, మనిషి లేపాలి. ఈయన లేపాడా, అంతే సంగతులు.

అందుకని బడి ఆటస్థలంలో నేర్పడానికి దిగాను. మొగుడికి బండి నేర్పడం కన్నా పిల్లికి ఈత నేర్పడం నయం. "చక్రం వంక చూడకయ్యా, ఎటు పోవాలో అటు చూడు" అంటే నా వంక చూసేవాడు. "హ్యాండిల్ వంచి ఉన్నప్పుడు ముందు బ్రేక్ నొక్కకు, బండి అటే ఒరుగుతుంది" అంటే, "తెలుసులేవే" అని సరిగ్గా అదే చేసేవాడు. ఆగే ముందు హ్యాండిల్ తిన్నగా పెట్టాలి, కాలు ఎక్కడ మోపుతున్నామో ముందే చూసుకోవాలి, ఇసక ఉన్నచోటా వాలుగా ఉన్నచోటా వీలైనంతవరకు ఆగకూడదు. ఇవన్నీ చెప్పగా చెప్పగా వంటబట్టాయి. ఒక్కటి మాత్రం ఎక్కలేదు. బండి ఒరగగానే ఆయన చేతులు బిగుసుకునేవి, నడుం వంగేది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ జారే బస్తాను కింద పడనివ్వని మనిషి మరి.

"కొంచెం ఒరిగితే కాలితో ఆపు. అంతకు మించి ఒరిగితే చేతులు తీసేసి పక్కకి తప్పుకో. పట్టుకోకు."

"పడితే అద్దం పగలదా?"

"పగలనీ. అద్దం అంగట్లో దొరుకుతుంది. నడుం దొరుకుతుందా?"

ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

డ్యూటీ మొదటి రోజున ఏ వీధికి పంపకూడదనుకున్నానో ఆ వీధికే పార్సిల్ పడింది. గోదాముల వీధి. మనసాగక నా బండి మీద వెనకే వెళ్లాను. గోదాం ముందు వాలు మీద పాత ముఠా అంతా బస్తాలకు చేరగిలబడి ఉంది. "అదుగోరా క్రేన్" అని ఎవరో ఈల వేశారు. ఈయన ఛాతీ విరుచుకుని అటు తిరిగాడు. తలతోపాటు హ్యాండిలూ తిరిగింది. వేళ్లు ముందు బ్రేక్ నొక్కేశాయి. దించిన కాలు పల్లంలోకి పోయి నేలకు అందలేదు.

బండి ఒరిగింది. ఆయన భుజాలు ఉబ్బడం వెనకనుంచి నాకు కనబడింది.

"వదిలెయ్" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వదిలేశాడు. పక్కకి దూకాడు. బండి దభీమని పడి అద్దం ముక్కలైంది. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు. ముఠా అంతా పగలబడి నవ్వారు. "ఒంటిచేత్తో లేపి చూపించు క్రేనూ" అన్నాడొకడు. ఈయన బండిని చూశాడు, వాళ్లను చూశాడు. నన్ను మాత్రం చూడలేదు. నడుం వంచి హ్యాండిల్ పట్టుకున్నాడు.

చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే కాళ్లు పోతాయి. పరువు పోతే పోయిందని నేను నోరు తెరిచేలోపు ఆయనే హ్యాండిల్ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"నావల్ల కాదురా" అన్నాడు. "నడుం పోయింది. బరువెత్తితే కాళ్లు పడిపోతాయంది డాక్టరమ్మ. అందుకే మానేశా. మీరే వచ్చి లేపండి."

నవ్వులు ఆగిపోయాయి. ముఠాకు పెద్దయిన మేస్త్రి తలగుడ్డ బిగించుకుని లేచి వచ్చాడు, అతని వెనక ఇంకో ఇద్దరు. లేపుతుంటే ఈయన అలవాటుకొద్దీ భుజం ఆనించబోయాడు. "నువ్వు జరగరా" అని మేస్త్రి మోచేత్తో నెట్టాడు.

బండి స్టాండు వేశాక మేస్త్రి చేతులు దులుపుకున్నాడు. "మరి ఇంట్లో గ్యాస్ బండ ఎవరెత్తుతున్నారు? నీళ్ల డబ్బాలెవరు మోస్తున్నారు?" అన్నాడు.

మా ఆయన నావైపు చెయ్యి చూపించాడు.

అందరూ నన్ను చూశారు. ఇన్నాళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. నేను నీళ్ల డబ్బా ఎత్తబోతే చాలు, ఈయన చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. "బండ వచ్చిన రోజు కబురు పెట్టు చెల్లెమ్మా, మేం వస్తాం" అన్నాడు మేస్త్రి. నలుగురిలో, పట్టపగలు, గోదాం గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

ఆయన దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"రోజూ చూస్తూనే ఉన్నానే" అన్నాడు. "చూళ్లేకే బయటికి వెళ్లిపోయేవాణ్ణి."