వెల్డా చేతికి సరిపడే పుల్ల

వెల్డా స్టాల్‌కప్‌కి మొగుడు బర్ల్ మీద నమ్మకం లేదని, అందుకే టర్కీ కోళ్ల వేటకు కూడా అతని చొక్కా పట్టుకుని అడవిలోకి వెంటపడి పోతుందని సీడర్ ఫోర్క్ ఊళ్లో చెప్పుకునేవారు. చర్చి మెట్ల మీద ఆడవాళ్లు ఒకలా, పెట్రోలు బంకు దగ్గర మగవాళ్లు ఇంకోలా చెప్పినా కథ ఒక్కటే. ఒకావిడ మరికాస్త ముందుకు పోయి, బర్ల్ అక్కడ ఎవరినో కలుస్తాడని, వెల్డా చెట్టు చాటున కాపలా కాస్తుందని తేల్చేసింది. తెల్లవారకముందు మంచుకు తడిసిన ఆ కొండల్లో, టర్కీ పెట్ట తప్ప బర్ల్‌ని కలవడానికి ఎవరొస్తారో మాత్రం ఆవిడ చెప్పలేదు.

ఈ మాటలు వెల్డా చెవిన పడుతూనే ఉండేవి. ఆమె బదులిచ్చేది కాదు. ఎనిమిదో తరగతిలో బడి మాని తమ్ముళ్లను సాకిన మనిషి. నలుగురిలో నోరు తెరవాలంటే ఆమెకు మెడ వెనక చెమట పట్టేది. పైగా ఆ పుకారు ఉన్నంతకాలం అసలు సంగతి ఎవరూ అడగరు. పెట్ట కూతతో టర్కీ పుంజుల్ని దగ్గరికి పిలవడంలో బర్ల్‌ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. ఆ పిలుపు బర్ల్‌ది కాదు. అతను తుపాకీ పట్టుకుని చెట్టుకు ఆనుకుని కూర్చుంటే, పక్కన కూర్చుని చిన్న చేతిపలక మీద పుల్ల గీసి పెట్ట గొంతు పలికించేది వెల్డా. మొదటిసారి ఎవరో బర్ల్ వీపు తట్టి మెచ్చుకున్నప్పుడు అతను కాదనలేదు, ఆమె కాదననివ్వలేదు. అప్పటినుంచి ఆ అబద్ధం వాళ్లింట్లో మూడో మనిషిలా తింటూ పెరిగింది.

ఈ ఏడు ఏప్రిల్‌లో, సరిగ్గా వేట మొదలవబోతుండగా, బర్ల్ ట్రక్కు ఎక్కి ఆ పలక మీద కూర్చున్నాడు.

"ఏదో విరిగినట్టుంది," అన్నాడు.

"విరిగింది. ఇంకా దాని మీదే ఉన్నావు, లే," అంది వెల్డా.

చేత్తో పలకలు చేసే ఓరిన్ టీగ్ షెడ్డుకు బయల్దేరారు. అరచేతిలో ఇమిడే చెక్క గిన్నె, పైన నల్ల పలకో గాజు బిళ్లో, దాని మీద గియ్యడానికి ఒక పుల్ల. చూడటానికి అంతే. కానీ ఒకే పలక ఒక పుల్లతో పెట్టలా పలుకుతుంది, ఇంకో పుల్లతో కీచుమంటుంది. బర్ల్ చేతిలో పొందికగా ఉన్న పుల్ల వెల్డా చేతిలో గరిటెలా ఉంటుంది. ఓరిన్‌కి ఒక పట్టుదల ఉంది. తన ముందు గీసి చూపించనిదే ఎవరికీ ఏదీ ఇవ్వడు. అదీ చిక్కు. గీసేది బర్ల్, సరిపడాల్సింది వెల్డాకి. అందుకని దారిలో ఒక ఒప్పందం చేసుకున్నారు. బాగాలేకపోతే వెల్డా దగ్గుతుంది. బాగుంటే తలగుడ్డ సర్దుకుంటుంది.

షెడ్డులో డోయల్ హచెన్స్ కూడా ఉన్నాడు. పొయ్యి వెచ్చదనం కోసం వచ్చి కూర్చుని, ఏదీ కొనకుండా అన్నిటికీ వంకలు పెట్టే మనిషి. ఓరిన్ పలకలన్నీ బల్ల మీద పరిచి, పుల్లలున్న కాఫీ డబ్బా పక్కన పెట్టి, వెల్డా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు పోయి రోడ్డు మీద ఉత్తరాల డబ్బా దగ్గర నిలబడు. పలక గుణం గీసేవాడికి తెలీదు. పుంజు ఉండే చోట నిలబడి వినాలి."

ఒప్పందం అక్కడితో సరి. సంతలో అమ్మకానికి నిలబెట్టిన దూడలా బర్ల్ ఆమె వంక చూశాడు.

బయట చలిగానే ఉంది. మొదటిది వినిపించింది: తుప్పు పట్టిన గేటు. రెండోది, ఎవరో తోక తొక్కిన పంది. మూడోది ఏ జంతువో వెల్డా పోల్చుకోలేకపోయింది. రోడ్డవతల మేస్తున్న ఆవు తలెత్తి విని, ఇంకాస్త దూరం జరిగి మేసింది. తెరిచిన తలుపులోంచి డోయల్ గొంతు, పెట్టకి జలుబు చేసిందా అని అడగడం వినిపించింది. గాలి మార్పు వల్ల అలా ఉంటుందని ఓరిన్ సర్దిచెబుతున్నాడు.

ఆ తర్వాత ఒకటి వచ్చింది. బర్ల్ దాన్ని కూడా పాడుచేస్తూనే ఉన్నాడు, కానీ గీతల రొద అడుగున ఒక గొంతు ఉంది. సన్నగా మొదలై, చివర బొంగురుగా విరిగే గొంతు. కొమ్మ మీద అప్పుడే నిద్రలేచిన పెట్టది. తెరిచిన తలుపులోంచి బర్ల్ చేతిలో నల్ల పలక కనిపించింది. బర్ల్ చేతిలో కూడా చెడిపోలేదంటే అది మంచి పలకే. కోటు జేబులో వెల్డా వేళ్లు వాటంతటవే కదిలాయి.

ఆమె లోపలికి వచ్చేసరికి బర్ల్ వేరేది ఎంచుకున్నాడు. చారల చారల మేపుల్ చెక్క, పైన గాజు, చూడముచ్చటైనది. ఎలాగో బయటపడాలన్న తొందర అతని ముఖంలో ఉంది. వెల్డా దగ్గింది. బర్ల్ దాన్ని వదిలి ఇంకోటి తీశాడు. అదీ కాదు. మళ్లీ దగ్గింది. మూడోసారికి ఓరిన్ కంగారుగా మంచినీళ్లు తెచ్చిచ్చాడు. పాపం చలిగాలి పడినట్టుంది, ఇంటికి తీసుకుపో అని డోయల్ సలహా ఇచ్చాడు. ఇంతలో బర్ల్ మళ్లీ ఆ గాజుదాన్నే ఖాయం చేశాడు.

నీళ్ల గ్లాసు పట్టుకుని వెల్డా నిలబడిపోయింది. ఏడాది మొత్తంలో ఆమె గొంతెత్తేది, పుంజుల నుంచి తన మాటకు జవాబు వచ్చేది ఈ కొద్ది వారాలే. మనుషులతో అయితే అదీ లేదు. ఆ గాజు బిళ్లతో ఈ వసంతం కూడా నోరు మూసుకుని కూర్చోవాల్సిందే. మాట్లాడితే, ఇన్నాళ్లూ బర్ల్‌కున్న పేరు ఈ షెడ్డులోనే పోతుంది.

మెడ వెనక చెమట పట్టింది.

"అది కాదు బర్ల్," అంది. "ఆ నల్ల పలక."

గ్లాసు కింద పెట్టింది. పలక తీసి, గీసే వైపు వేలు తగలకుండా గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము ఊదింది. డబ్బాలోంచి హికరీ చెక్క పుల్ల తీసింది. గిన్నెను వేళ్ల కొసల మీద నిలిపి, పుల్ల ఎత్తకుండా చిన్న చిన్న గీతలు గీసింది. ముందు గొణుగుడు, తర్వాత పిలుపు.

డోయల్ పెట్ట వచ్చిందేమోనని తలుపు వైపు తిరిగి చూశాడు. అక్కడేమీ లేదు. మళ్లీ ఇటు తిరిగాడు.

"మరి ఇన్నేళ్లూ నువ్వేం చేస్తున్నావు రా బర్ల్?"

"కదలకుండా కూర్చుంటున్నా," అన్నాడు బర్ల్. "అది అందరివల్లా అయ్యే పని కాదు."

అతని భుజాలు ఒక్కసారిగా దిగాయి. పరువు పోయిన మనిషిలా లేడు, బస్తా దించినవాడిలా ఉన్నాడు. ఓరిన్ వెల్డాని చెయ్యి చాపమన్నాడు. పుల్లను ఆమె అరచేతికి ఆనించి చూసి, పైన మిగిలిన ముక్క కోసేసి, కొన నున్నగా చేసి ఇచ్చి మళ్లీ గియ్యమన్నాడు. ఈసారి డోయల్ తిరిగి చూడలేదు గానీ, చూడకుండా ఉండటానికి కష్టపడ్డాడు.

సాయంత్రానికి సంగతి పెట్రోలు బంకు దాటి చర్చి మెట్లు చేరింది. అక్కడివాళ్లు పుకారును అంత తేలిగ్గా వదులుకుంటారా? పిలిస్తే పిలుస్తుంది గానీ, మొగుడి వెంటపడటం మాత్రం కాపలాకేనని సవరించుకున్నారు.

వేట మొదలైన రోజు వాగు పక్క కాలిబాట మీద ముందు నడిచింది వెల్డా. తుపాకీ, కాఫీ ఫ్లాస్కు, ఆమె కూర్చునే మెత్త మోసుకుంటూ, ఆమె అడుగేసిన చోటే అడుగేస్తూ, వెనక వచ్చాడు బర్ల్.