రోబో మోకాలి మీద చెయ్యి

మొన్న ఆదివారం మదీనాగూడలో మా ఇంట్లో, కంప్యూటర్లో ఏదో ఆట ఆడుతూ మా అమ్మాయి అడిగింది: "అమ్మా, ఇంత పెద్ద రోబో నిజంగా రెండు కాళ్ళ మీద నడుస్తుందా?" ఒకప్పుడైతే ఈ ప్రశ్నకు జవాబు నా నాలుక చివరే ఉండేది.

అప్పట్లో నేను నానక్‌రామ్‌గూడలో వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. నా ఎదురు సీటాయన ఆఫీసంతటికీ అన్నే. సైన్స్ ఫిక్షన్ ఆట కోసం పదంతస్తుల రోబోకు నడక నేర్పడం ఆయన పని. నాకేమో ఫిజిక్స్ చదివానన్న గర్వం నెత్తికెక్కి ఉండేది. అంత బరువు రెండు కాళ్ళ మీద నిలవదండీ, శుభ్రంగా చక్రాలు పెట్టుకోక దానికేం ఖర్మ అని టీ తాగినప్పుడల్లా పోరు పెట్టేదాన్ని. "లెక్క మీదే కరెక్ట్ మేడం. కానీ జర దాని నడక చూడుర్రి, పానం ఉన్నట్టు లేదా?" అని నవ్వేవాడు.

రోబోను ఉంచాలా తీసెయ్యాలా అన్నది పైవాళ్ళ ముందు తేలాల్సిన రోజు వచ్చింది. అన్న ఏడాది కష్టమంతా దాని మీదే ఉంది. తెర మీద రోబో మెట్ల దగ్గర ఆగి, కుడి మోకాలి మీద చెయ్యి ఆనించి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఎక్కింది. నేను ఊరుకోవచ్చుగా! లేచి అదే నడక గదంతా నడిచి చూపించాను. "ఇది అంతరిక్షం నుంచి వచ్చిందా, కీళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వచ్చిందా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు, అన్న తప్ప. రోబో పోయింది. నెలాఖరుకు దానితో పాటు ఆయన ఉద్యోగమూ పోయింది.

ఆయన సామాను సర్దుకున్న రోజు, సాయానికి వాళ్ళ నాన్నగారు షేర్ ఆటోలో వచ్చారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆ పెద్దాయన మెట్ల దగ్గర ఆగి, కుడి మోకాలి మీద చెయ్యి ఆనించి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఎక్కారు.

"మా బాపు. గీ బిల్డింగులు లేస్తున్నప్పుడు సిమెంటు బస్తాలు మోసిండు," అన్నాడు అన్న. ఆ గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. క్షమించమని అడగబోయి, "కాఫీ తాగుతారా బాబాయిగారూ?" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"వద్దు బిడ్డా," అన్నారాయన, అట్టపెట్టె భుజానికెత్తుకుంటూ.

మా అమ్మాయి ఆట ఆపి ఇంకా నా వైపే చూస్తోంది. "నడుస్తుందమ్మా," అన్నాను. ఆ రోజు ఆ గదిలో ఈ ఒక్క మాట అనడానికి క్షణం చాలేది. అనడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది.